అప్పుకీ తప్పుకీ మధ్య గీత

నోటు పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కిన మనిషి బల్ల మీద కూర్చోకముందే అనే మాట ఒకటే. "వాణ్ని లోపల వేయించాలి గుమాస్తాగారూ." డబ్బు రావాలన్న మాట తర్వాతెప్పుడో వచ్చేది. గుంటూరు జిల్లాలో ఒక మున్సిఫు కోర్టు ఊళ్లో ప్లీడరు గుమాస్తాగా నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాటకి జవాబు చెప్పడంతోనే గడిచింది. మిరపకాయ టిక్కీలు తోలి పైకం రాని రైతు, చీటీ పాడుకుని సొమ్ము అందని ఆడమనిషి, పొలానికి బయానా ఇచ్చి రిజిస్ట్రేషన్ కోసం తిరుగుతున్న మేష్టారు, అందరిదీ అదే పాట. మా ప్లీడరుగారు కాగితాలు చూసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఇది సివిలండీ" అనేవారు. ఆ మాటకి వాళ్ల మొహాలు వాడిపోయేవి. తమకి అసలు అన్యాయమే జరగలేదని ఆయన తీర్పు చెప్పినట్టు చూసేవారు.

సివిల్ అంటే చిన్న గొడవ, క్రిమినల్ అంటే పెద్ద గొడవ అని జనం లెక్క. కోట్ల ఆస్తి తగాదా సివిలే, జేబులో పది రూపాయలు కొట్టేస్తే క్రిమినలే అని చెప్పి ఆ లెక్కని కొట్టేయొచ్చు. నేనూ అలాగే చెప్పి పంపేవాణ్ని. ఉద్యోగం మానేశాక తీరిగ్గా పాత రెగ్యులేషన్లూ పాత చట్టాలూ తిరగేస్తే వేరే సంగతి కనబడింది. ఈ రెంటి మధ్య గీత ఎన్నడూ ఒకచోట నిలిచింది కాదు. సుద్దముక్క ఎవరి చేతిలో ఉంటే వాళ్లు, తమకి రావాల్సిన బాకీని నేరం వైపుకీ తాము ఇవ్వాల్సిన బాకీని దావా వైపుకీ నెట్టి గీసుకున్నారు.

గీత అని ఊరికే అనడం లేదు. 13వ శతాబ్దం చివర్లో మన తూర్పు తీరానికి వచ్చిన మార్కోపోలో, తమిళదేశంలో అప్పు వసూలు చేసే పద్ధతి ఒకటి చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా ఇవాళా రేపూ అని తిప్పుతున్న బాకీదారుణ్ని పట్టుకుని, అతని చుట్టూ నేల మీద గీత గీస్తే చాలు. బాకీ తీర్చో, జామీను చూపించో తప్ప ఆ మనిషి గీత దాటకూడదు. దాటితే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడి రాజే ఒక పరదేశి వర్తకుడికి బాకీపడి వాయిదాలు వేస్తుంటే, గుర్రం మీద వస్తున్న రాజు చుట్టూ ఆ వర్తకుడు గీత గీశాడట. రాజు గుర్రాన్ని ఆపేసి, వర్తకుడి సొమ్ము ముట్టేదాకా కదల్లేదట. కళ్లారా చూశానంటాడు పోలో. ఆయన చెప్పినవన్నీ నమ్మక్కర్లేదు గానీ ఈ ఏర్పాటు నాకు భలే నచ్చింది. గీత లోపల ఉన్నంతసేపూ అది అప్పు, దాటిన క్షణం నుంచి నేరం. ఇంత తేటగా చెప్పిన సెక్షను నేను చూడలేదు.

అదే శతాబ్దంలో మన వైపు కేతన 'విజ్ఞానేశ్వరీయం' రాశాడు. తిక్కనకి దశకుమారచరిత్ర అంకితమిచ్చిన కేతనే. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన మితాక్షర వ్యాఖ్యకి అది తెలుగు పద్యరూపం. ఆ స్మృతుల్లో తగాదాలకి 18 పద్దులు. మనువు జాబితాలో మొదటి పద్దు అప్పే. బృహస్పతి వీటిని రెండు కుప్పలు పోశాడు: ధనం వల్ల పుట్టినవి 14, హింస వల్ల పుట్టినవి 4. సివిల్, క్రిమినల్ అనే తేడా తెల్లవాళ్లు వచ్చి నేర్పారనేవాళ్లకి ఇది చూపించాలి.

అయితే యాజ్ఞవల్క్యుడి దగ్గర నేను ఆగిపోయింది ఈ విభజన చూసి కాదు. బాకీ ఉన్నానని ఒప్పుకున్న మనిషి దగ్గర అప్పిచ్చినవాడు తన తిప్పలేవో తాను పడి వసూలు చేసుకుంటుంటే రాజు అడ్డు రాకూడదంటాడు. వసూలు చేస్తున్నాడని బాకీదారే రాజు దగ్గరికి పరిగెత్తితే, బాకీ కట్టించి పైన దండుగ కూడా వేయమంటాడు. రాజు కల్పించుకుని ఇప్పిస్తే బాకీదారు నూటికి 10, సొమ్ము ముట్టినవాడు నూటికి 5 రాజుకి కట్టాలి. ఇక అసలు అప్పే లేదని బొంకి, సాక్ష్యాలతో దొరికిపోతే, బాకీ అప్పిచ్చినవాడికి ఇచ్చి, అంత సొమ్మూ రాజుకి దండుగ కట్టాలి. చేతకాక ఇవ్వలేకపోయినవాడి మీద కంటే, పుచ్చుకుని లేదన్నవాడి మీద కోపం ఎక్కువన్నమాట. నోటు మీద సంతకం తనది కాదని నిబ్బరంగా రిటన్ స్టేట్‌మెంట్ వేసిన ప్రతివాదుల్ని తల్చుకున్నప్పుడల్లా, ఆ రూలు ఎందుకు పోయిందా అని బాధేస్తుంది.

కంపెనీవాళ్లు 1802లో జిల్లా కోర్టులు పెట్టారు. దావాలు గుట్టలు పడ్డాయి. ఆ గుట్ట తగ్గించడానికి థామస్ మన్రో పూనికతో 1816లో వరుసగా రెగ్యులేషన్లు వచ్చాయి. ఊళ్లో పెద్దకాపునో నాయుడినో మునసబు చేశాయి. మునసబంటే మా తరానికి బాగా తెలుసు; 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ ఉద్యోగాలు తీసేసేదాకా మునసబు, కరణం లేని ఊరు లేదు.

1816లో వచ్చిన 4వ రెగ్యులేషన్ ప్రకారం మునసబు 10 రూపాయల లోపు బాకీ దావాలు విని తీర్పు చెప్పొచ్చు. అదే ఏడు 11వ రెగ్యులేషన్ ప్రకారం అదే మనిషి ఊరి పోలీసు పెద్ద. చిన్న తిట్లూ చిన్న దెబ్బలూ అయితే తప్పు చేసినవాణ్ని 12 గంటలకి మించకుండా చావిడిలో నిర్బంధించొచ్చు. తక్కువ కులంవాడైతే 6 గంటలకి మించకుండా బొండ వేయించొచ్చు. బొండంటే కాళ్లు బిగించే కొయ్య. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. అంత అవమానకరమైన శిక్ష ఏ కులాలవాళ్లకి వేస్తే తప్పనిపించదో వాళ్లకి వేయమని రెగ్యులేషన్లోనే ఉంది. తిట్టు ఒకటే, దెబ్బ ఒకటే. ఒకరికి చావిడి అరుగు, ఇంకొకరికి బొండకొయ్య.

ఇప్పుడు 8 రూపాయల ధాన్యం బాకీ ఒకటి అనుకోండి. బాకీపడ్డది పల్లె నుంచి వచ్చే పాలేరు. అప్పిచ్చిన ఆసామి మునసబుగారికి బావమరిది. దావా వేస్తే సాక్షులు, రాతకోతలు, వాయిదాలు. అదే ఆసామి "బాకీ అడగ్గానే నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు" అంటే సాయంత్రానికల్లా పాలేరు బొండలో ఉంటాడు. రెండు పనులకీ మనిషి ఒక్కడే, చావిడి ఒక్కటే. బాకీ అడిగితే తిట్టి చంపుతానని బెదిరించాడన్న వాక్యం ఇప్పటికీ స్టేషన్లో ఇచ్చే అర్జీల్లో మూడో లైనులోనో నాలుగో లైనులోనో తప్పకుండా ఉంటుంది. ఆ వాక్యం అప్పటి నుంచీ నడిచి వస్తున్నదేనని నా అనుమానం.

పైస్థాయిలో ఇదే కథ ఇంకా పెద్దగా నడిచింది. ఆ ఏర్పాటులోనే తాసీల్దారు శిస్తు వసూలుదారు, పోలీసు అధికారీ. శిస్తు బకాయి అంటే రైతు సర్కారుకి పడ్డ బాకీయే కదా. 1854లో లండన్ పార్లమెంటులో గొడవయ్యాక మద్రాసు ప్రభుత్వం ఎలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ వేసింది. 1855లో వాళ్లిచ్చిన నివేదిక చదువుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. మండుటెండలో నిలబెట్టడం, కిట్టి అనే రెండు కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం, మనిషిని వంచి తలని కాళ్లకి కట్టేసి గంటల తరబడి ఉంచడం. శిస్తు వసూలు కోసం ఇవన్నీ వాడుకలో ఉన్నాయని కమిషనే తేల్చింది. ప్రైవేటు బాకీదారుకి కనీసం దావా అనే మెట్టు ఒకటుంది. సర్కారు బాకీదారుకి అదీ లేదు.

ఆ తర్వాత వచ్చిన 1859 నన్ను మళ్లీ మళ్లీ వెనక్కి లాగే ఏడాది. ఆ ఏడు 8వ చట్టం సివిల్ ప్రొసీజర్ కోడ్. 14వ చట్టం లిమిటేషన్, అంటే దావాలకి కాలదోషం. 24వ చట్టం మద్రాసు పోలీసు చట్టం, పోలీసుని రెవెన్యూ నుంచి విడగొట్టింది. 1860లో పీనల్ కోడ్, 1861లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చాయి. 1862 జనవరి 1 నుంచి పీనల్ కోడ్ అమలయ్యింది. అప్పుకి ఒక గది, నేరానికి ఒక గది కట్టి మధ్యన గోడ లేపారు. బొండకొయ్య, కిట్టి కర్రలు చూసిన దేశానికి అది చిన్న మేలు కాదు.

కానీ ఆ 1859లోనే ఇంకో చట్టం ఉంది, 13వ నంబరుది. పనివాళ్లు కాంట్రాక్టు తప్పితే శిక్షించే చట్టం. పనివాడో కూలీయో ముందుగా అడ్వాన్సు పుచ్చుకుని పనిలోకి రాకపోతే యజమాని దావా వేయక్కర్లేదు, నేరుగా మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు పెట్టొచ్చు. మేజిస్ట్రేటు డబ్బు తిరిగి కట్టమనో, పని పూర్తి చేయమనో ఉత్తర్వు ఇస్తాడు. వినకపోతే 3 నెలల దాకా జైలు. మొదట మద్రాసు, కలకత్తా, బొంబాయి పట్నాలకన్నారు. తర్వాత కావాలన్న చోటికల్లా చాపుకున్నారు. మరి యజమాని కూలి డబ్బులు ఎగ్గొడితే? ఆ చట్టం కింద అతనికి జైలు లేదు. గోడ కట్టిన చేతులే యజమాని వైపు నుంచి దానికో దొడ్డిదారి పెట్టాయి.

పీనల్ కోడ్‌లోనూ ఈ రెండు మనసులూ పక్కపక్కనే కనబడతాయి. మోసం అంటే ఏమిటో చెప్పే 415వ సెక్షను కింద ఉదాహరణల్లో నీలిమందు ముచ్చట ఉంది. ఇంత నీలి తోలతానని నమ్మించి అడ్వాన్సు పుచ్చుకున్న మనిషి, పుచ్చుకునే నాటికే తోలే ఉద్దేశం లేనివాడైతే మోసగాడు. ఆ నాటికి తోలదామనే అనుకుని, తర్వాత మాట తప్పితే అది మోసం కాదు. దావా మాత్రమే వేసుకోవాలి. మన దేశంలో సివిల్‌కీ క్రిమినల్‌కీ మధ్య గీత ఎక్కడుందని అడిగితే నేను చూపించేది ఈ నీలి ఉదాహరణే. కడప, నెల్లూరు వైపు నీలి పండించిన పల్లెలకి అడ్వాన్సులంటే కొత్తగా చెప్పక్కర్లేదు. విచిత్రమేమిటంటే, ఇంత చక్కని మాట చట్టంలోకి ఎక్కిన 1860లోనే, బెంగాల్లో రైతులు నీలి వేయం పొమ్మని తిరగబడితే, ఆరు నెలలకని ఒక తాత్కాలిక చట్టం తెచ్చారు. అడ్వాన్సు పుచ్చుకుని నీలి వేయని రైతుని మేజిస్ట్రేటు జైలుకి పంపొచ్చు. చట్టం పుస్తకంలో నీలి బాకీ సివిల్, పొలంలో క్రిమినల్. తోటల దొరలు గట్టిగా అడిగేసరికి గీత జరిగింది.

పల్లకీ బోయీల సంగతి ఇంకా చోద్యం. 490వ సెక్షను ప్రకారం, ఫలానా ఊరి దాకా మోస్తామని ఒప్పుకున్న బోయీ దారి మధ్యలో పల్లకీ దించేసి పారిపోతే నెల దాకా జైలు, లేదా 100 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దొరగారు అడవి మధ్యలో చిక్కుబడిపోతే దావా వేసుకోమనడం కుదరదని వాళ్ల వాదన. అందులో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. కానీ గమ్యం చేరాక కూలి ఇవ్వని దొర మీద సెక్షను రాయాలని ఎవరికీ తోచలేదు. పనివాళ్ల చట్టం, ఈ సెక్షనూ, దాని జోడు 492వ సెక్షనూ అన్నీ 1925లో చేసిన ఒక చట్టంతో రద్దయ్యాయి.

అప్పిచ్చిన చిన్నవాడి ఆయుధాన్ని మాత్రం పీనల్ కోడ్ వెంటనే లాగేసుకుంది. బాకీదారు గుమ్మం ముందు తిండి మానేసి కూర్చోవడం పాత అలవాటు. నా ఉసురు తగుల్తుందన్న భయమే అందులో బలం. 508వ సెక్షను కింద మొదటి ఉదాహరణ అచ్చంగా ఇదే: దేవుడి ఆగ్రహానికి గురవుతావని ఎదుటివాణ్ని నమ్మించే ఉద్దేశంతో వాకిట్లో ధర్నా కూర్చోవడం నేరం. డబ్బు రావాల్సినవాడు ముద్దాయి అయ్యాడు.

దావా దారిలోనూ జైలుంది, ఆ సంగతి చాలామందికి తెలియదు. డిక్రీ వచ్చాక దాని అమలుకి ఈపీ వేసి, డబ్బుండీ కట్టడం లేదని రుజువు చేస్తే, బాకీదారుణ్ని అమీనా పట్టుకొస్తాడు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం 50 రూపాయలు దాటిన బాకీకి 6 నెలల దాకా సివిల్ జైల్లో పెట్టొచ్చు. ఇప్పుడు 5,000 దాటితే 3 నెలల దాకా, 2,000కి మించని బాకీకి అసలు లేదు. ఆడవాళ్లని డబ్బు డిక్రీ కింద అరెస్టు చేయకూడదు. ఇందులో తమాషా ఏమిటంటే, జైల్లో ఉన్నన్నాళ్లూ బాకీదారు తిండి ఖర్చు, అదే బత్తా, డిక్రీ గెలిచినవాడే ముందుగా కట్టాలి. కట్టడం మానేస్తే వదిలేస్తారు. ఈ రూలు చెప్పినప్పుడు ఒక పెద్దాయన నా టేబులు మీద చెయ్యి వేసి, "నాకు రావాల్సింది రాకపోగా వాడికి నేను అన్నం పెట్టాలా గుమాస్తాగారూ? అల్లుడా వాడు?" అన్నాడు. బాకీదారు పక్షాన కూడా చెప్పాలి: 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, చేతిలో లేక కట్టలేనివాణ్ని జైల్లో పెట్టడం కుదరదు, ఉండీ ఎగ్గొట్టే దుర్బుద్ధి కనబడాలి అని తేల్చారు. ఈపీలో అరెస్టు వారంటు అప్పటి నుంచీ గట్టిపడింది, అంటే అడిగేవాడికి కష్టమైంది.

మా జిల్లాలో దీనికి పైన ఐపీ. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద దివాలా పిటిషను. పత్తి ధర పడిపోయినా, పొగాకు కొనేవాళ్లు రాకపోయినా, వడ్డీల మీద వడ్డీలు పెరిగినా ఊళ్లో ఎవరో ఒకరు ఐపీ పెట్టేవాళ్లు. అప్పులవాళ్ల పేర్లు, ఊళ్లు, బాకీలు వరుసగా టైపు చేసిన షెడ్యూలు పట్టుకుని కోర్టు నోటీసు ఇంటికొచ్చేది. ఆ షెడ్యూలులో తన పేరు చూసుకున్న మనిషి కోపం మాటల్లో చెప్పలేం. సివిల్ మీద మా వైపు జనానికి నమ్మకం పోయిందంటే అందులో సగం పాపం ఐపీలది. దావాలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెతకి మా తాలూకాలో సాక్ష్యం కావాలంటే వీధికొకరు దొరుకుతారు.

అందుకే స్టేషను. దావాకి కోర్టు ఫీజు స్టాంపులు కొనాలి, బాకీ పెరిగేకొద్దీ ఫీజు పెరుగుతుంది. ఎఫ్ఐఆర్‌కి పైసా కట్టక్కర్లేదు. దావాలో సమను అందడానికే నెలలు పడుతుంది. స్టేషన్ నుంచి ఒక్క ఫోను వస్తే బాకీదారు మరునాడే దిగుతాడు. రెండు కాగితాలూ నా చేత్తోనే టైపు చేశాను కాబట్టి ఆ రహస్యం నాకు తెలుసు. దావాలో రాసేది: "వాది పలుమార్లు అడిగినను ప్రతివాది ఏవో సాకులు చెప్పుచూ కాలయాపన చేయుచున్నాడు." ఫిర్యాదులో రాసేది: "ముద్దాయి మొదటినుండియు ఫిర్యాదిని మోసగించు దురుద్దేశముతో నమ్మబలికి పైకము పుచ్చుకొనియున్నాడు." పేర్లూ తేదీలూ సొమ్మూ అన్నీ అవే. "మొదటినుండియు" అన్న ముక్క ఒక్కటే తేడా. కాగితం మీద ఆ ముక్క కొట్టడానికి క్షణం పట్టదు. రుజువు చేయడం దగ్గరే ఉంటుంది తంటా.

మిరపకాయల రైతు ఒకాయన 60 టిక్కీలు తోలి, కమీషన్ వ్యాపారి డబ్బు ఎగ్గొట్టాడని వచ్చాడు. మా ప్లీడరుగారు వేసిన ప్రశ్న ఒక్కటే: "ఇంతకుముందు వాడితో లావాదేవీ ఉందా?" ఉంది, రెండు సీజన్లు చెప్పిన రోజుకి చెప్పినట్టు ఇచ్చాడు. "అయితే సివిల్" అనేశారాయన. రెండు సీజన్లు సరిగ్గా ఇచ్చినవాడు మూడో సీజన్లో కొనేటప్పుడే ఎగ్గొట్టాలనుకున్నాడని ఎలా చూపిస్తాం? ధర పడి మునిగిపోయానంటాడు, అది నిజం కూడా కావచ్చు. అదే వారంలో ఇంకొకాయన ఇళ్లస్థలం అగ్రిమెంటు తెచ్చాడు. వాకబు చేస్తే ఆ స్థలాన్ని అమ్మకందారు ఇదివరకే ఇంకొకరికి రిజిస్టరు చేసేశాడు. తనది కాని స్థలాన్ని తనదని చెప్పి బయానా పుచ్చుకున్న రోజే మోసం పూర్తయింది. ఈసీ కాపీ ఒక్కటి చాలు. ఆయన్ని మాత్రం ప్లీడరుగారు స్టేషనుకి వెళ్లమన్నారు.

ఇంకో రకం నమ్మకద్రోహం. అప్పిచ్చిన సొమ్ము పుచ్చుకున్నవాడి సొమ్మైపోతుంది, మనకి మిగిలేది తిరిగి అడిగే హక్కు. గొలుసు చేయమని కంసాలికిచ్చిన బంగారం అలా కాదు. అతని కొట్లో ఉన్నా మనదే. దాన్ని కరిగించి అమ్ముకుంటే పాత 406 కింద నేరం. ఇంత తేడా ఉన్నా స్టేషన్లో రైటర్లు 406, 420 రెండూ కలిపే కొట్టేసేవాళ్లు. ఒకే సొమ్ము గురించి ఒకే మనిషి మోసమూ నమ్మకద్రోహమూ రెండూ చేయలేడని 2024లో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

గీత మళ్లీ జరిగింది నా కళ్లముందే, 1989 ఏప్రిల్ 1న. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షను చేర్చారు. ఇచ్చిన చెక్కు ఖాతాలో డబ్బు లేక తిరిగొస్తే, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే, అది నేరం. మొదట్లో ఏడాది దాకా జైలు, తర్వాత రెండేళ్లకి పెంచారు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. మొదటి నుంచీ మోసబుద్ధి ఉందా లేదా అన్న నీలి ప్రశ్నే ఇక్కడ లేదు. బ్యాంకులూ వ్యాపారులూ అడిగారు, వచ్చింది. మా ఊళ్లో దీని ఫలితం వడ్డీ వ్యాపారులకి బాగా వంటబట్టింది. ప్రోనోటుతోపాటు సంతకం చేసిన ఖాళీ చెక్కు పుచ్చుకోవడం మొదలైంది. నోటు సివిల్‌కి, చెక్కు క్రిమినల్‌కి. 2021లో సుప్రీంకోర్టే ఈ సెక్షన్ని క్రిమినల్ తోడేలు తోలు కప్పుకున్న సివిల్ గొర్రె అంది. నా లెక్కలో 13వ చట్టం మనవడు ఇది. తేడా ఒకటే: అప్పుడు కూలివాడొక్కడికే జైలు, ఇప్పుడు చెక్కు మీద సంతకం పెట్టిన ఎవరికైనా.

పై కోర్టులు మాత్రం నీలి ఉదాహరణనే పట్టుకుని ఉన్నాయి. 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో, మాట ఇచ్చిన నాడే మోసం చేసే ఉద్దేశం ఉండాలి, తర్వాత మాట తప్పినంత మాత్రాన మోసం కాదు అన్నారు. 2006లో ఇండియన్ ఆయిల్ కేసులో, సివిల్ దారి ఆలస్యమని వ్యాపారులు ప్రతి బాకీకీ క్రిమినల్ రంగు పూస్తున్నారని మందలించారు. అయినా జనం మారలేదు, పోలీసులూ మారలేదు. 2025 ఏప్రిల్‌లో ఒక సివిల్ తగాదాని క్రిమినల్ కేసుగా కట్టినందుకు ఉత్తరప్రదేశ్ పోలీసుల మీద సుప్రీంకోర్టు 50,000 రూపాయలు ఖర్చులు వేసింది. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయసంహిత వచ్చి 420 కాస్తా 318 అయింది, 406 కాస్తా 316 అయింది. బజార్లో మాత్రం వాడు ఫోర్‌ట్వంటీయే. మండలం కోర్టుల్లో ఇప్పటికీ జూనియర్ సివిల్ జడ్జిగారే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కూడా. సివిల్ ఓ.ఎస్.లు పిలిచిన కుర్చీలోంచే క్రిమినల్ సి.సి.లూ పిలుస్తారు. మునసబు చావిడికీ దీనికీ తేడా లేకపోలేదు: ఇక్కడ పుస్తకాలు రెండు, పద్ధతులు రెండు, పై కోర్టు ఒకటి ఉంది.

స్టేషన్లో కేసు కట్టినా, చాలావాటికి ఆఖరికి దర్యాప్తు అధికారి 'సివిల్ నేచర్' అని రాసి రిఫర్ నోటీసు పంపిస్తాడు. ఆ నోటీసు వచ్చేసరికి ఏడాదో రెండేళ్లో అయిపోయుంటుంది. అప్పుడు నోటు పట్టుకుని మా దగ్గరికొస్తారు. ఇక్కడే 1859 నాటి 14వ చట్టం అడ్డం తగులుతుంది. మామూలు అప్పుకి మూడేళ్లని అప్పుడే పెట్టారు. ఆ గడువుకి భయపడి షావుకార్లు రైతుల చేత పాత బాకీకి వడ్డీ కలిపి కొత్త పత్రాలు రాయించుకుంటూ పోయారు. 1875లో పుణె, అహ్మద్‌నగర్ రైతులు ఆ పత్రాలు గుంజుకుని తగలబెట్టడానికి అదొక కారణం. 1963 చట్టంలోనూ నోటు మీద దావాకి మూడేళ్లే. పొరపాటున వేరే సివిల్ కోర్టులో తిరిగిన కాలమైతే 14వ సెక్షను కింద మినహాయింపు అడగొచ్చు. స్టేషన్ చుట్టూ తిరిగిన కాలానికి మినహాయింపు లేదు. గడువు దాటకముందు ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక తేదీతో చెల్లు వేయించి, దాని కింద బాకీదారు చేత సంతకం పెట్టించుకుని ఉంటే తప్ప, ఆ మూడేళ్లూ దాటిపోతే ఇక సివిల్ దావా కూడా నిలవదు.